డిస్కుకో అక్షరం

విండోస్ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ ‘సి’తో మొదలవుతుంది. ‘ఏ’, ‘బి’ ఫ్లాపీలవి. డిస్కులను అక్షరంతో పిలిచే ఈ పద్ధతిని 1970లలో గ్యారీ కిల్‌డాల్ తన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడాడు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ కూడా అదే దారి పట్టింది. 1983లో పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో వచ్చేసరికి మూడో అక్షరం దానికి దక్కింది. ఫ్లాపీలు పోయినా వాటి అక్షరాలు ఖాళీగానే ఉండిపోయాయి.

ఆ రోజుల్లో చేతులు మారేది ఫ్లాపీయే, డ్రైవ్ మాత్రం పెట్టెలోనే బిగించి ఉండేది. 1996లో యూఎస్‌బీ, 2000లో పెన్ డ్రైవ్ వచ్చాక డ్రైవే జేబులోకి ఎక్కింది. తెనాలి డీటీపీ సెంటర్లో కట్టిన శుభలేఖ ప్రెస్సుకు వెళ్లేది దాంట్లోనే. రేపల్లెలో తీసిన పెళ్లి వీడియో ఎడిటింగ్‌కు బాపట్ల చేరాలన్నా అదే ఆధారం. ఒక చోట ‘ఎఫ్’ అయిన డిస్కు ఇంకో చోట ‘జి’ అవుతుంది.

నిజానికి ఆ అక్షరం డిస్కు మీద రాసి ఉండదు. విండోస్‌లోని మౌంట్ మేనేజర్ డిస్కును దాని సొంత గుర్తింపుతో పోల్చుకుని, ఏ అక్షరం ఇచ్చిందో ఆ కంప్యూటర్ రిజిస్ట్రీలో రాసుకుంటుంది. అదే డిస్కు మళ్లీ వస్తే, పాత అక్షరం ఖాళీగా ఉంటే అదే ఇస్తుంది. లేకపోతే మరొకటి.

చిక్కు వచ్చేది నెట్‌వర్క్ డ్రైవ్‌తో. కాలేజీ ల్యాబులో సర్వర్ ఫోల్డర్‌కు ‘ఎఫ్’ అని పేరు పెట్టుకున్నారనుకోండి. ఆ పేరు లాగిన్ అయిన మనిషి ఖాతాకే చెందుతుంది. మౌంట్ మేనేజర్ చూసేది మొత్తం యంత్రం లెక్క కాబట్టి ఈ పేరు దాని కంటపడదు. ఒకే సీటుకు ఇద్దరు గుమస్తాలు టికెట్ కొట్టినట్టు, పెన్ డ్రైవ్‌కూ ‘ఎఫ్’ ఇచ్చేస్తుంది. టింగుమని చప్పుడొస్తుంది, డిస్కు మాత్రం కనిపించదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇది చాలామందిని ఏడిపించింది.

ఇక్కడే డిస్కు పాడైందని భయపడి ఫార్మాట్ చేసేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. పోయింది పేరే, ఫొటోలు డిస్కులో భద్రంగానే ఉంటాయి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్షరం తగాదాయే అయితే మీ పెన్ డ్రైవ్ అక్కడ కనిపిస్తుంది. సైజు చూసి అది మీదేనని రూఢి చేసుకుని, దాని మీద కుడి క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’ ఎంచుకోండి. ఫార్మాట్ కూడా ఆ మెనూలోనే, దాని కిందే ఉంటుంది. వేలు జారకుండా చూసుకోవాలి. ‘సి’ జోలికి పోకూడదు.

కొత్త అక్షరంగా ‘పి’ లాంటి దూరపు అక్షరం ఇస్తే మేలు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ప్రతి క్లిప్పునూ డ్రైవ్ అక్షరంతో సహా గుర్తుపెట్టుకుంటాయి. అక్షరం మారితే క్లిప్పులు దొరకడం లేదని మొరాయిస్తాయి. స్టూడియోలోనూ ఎడిటింగ్ కంప్యూటర్లోనూ ఆ డిస్కుకు ‘పి’ అనే పెడితే లింకులు తెగవు. నెట్‌వర్క్ డ్రైవ్‌లకేమో ‘జడ్’ నుంచి వెనక్కి పేర్లు పెట్టుకుంటూ రండి. ఇప్పటి విండోస్ కూడా వాటికి ముందుగా ‘జడ్’నే చూపిస్తుంది.