కంప్యూటర్లకు కావలి యెవరు?

2017వ సంవత్సరము మే 12వ తేదీన ‘వన్నాక్రై’ యను దుష్ట ప్రోగ్రాము ప్రపంచముపై విరుచుకుపడెను. కొలది దినములలోనే సుమారు 150 దేశములందు రెండు లక్షలకు పైబడిన కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, మూడువందల డాలర్లు చెల్లించినగాని విప్పనని బెదరించెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసివచ్చెను. ఆంధ్రప్రదేశమున కొన్ని పోలీసు కార్యాలయముల యంత్రములును దీని వాతబడెను. ఆశ్చర్యమేమన, ఆ పురుగు దూరిన కంతను మైక్రోసాఫ్టు కంపెనీ రెండు మాసములకు ముందే, మార్చి 14వ తేదీననే, పూడ్చి, తన యాదరణలో నున్న విండోసు రకములన్నిటికిని ఆ మరమ్మతును ఉచితముగ పంపియుండెను. దానిని స్వీకరించినవారు బ్రతికిరి; ‘తరువాత చూతము’ అనిన వారు చెడిరి.

మనవారిలో ననేకులు యాంటీవైరసు కొంటిమి గదా యని నిశ్చింతగ నుందురు. అది చేయు పని యేమి? తెలిసిన దొంగల యానవాళ్ల పట్టికను దగ్గర నుంచుకొని లోనికి వచ్చు ఫైళ్లను దానితో సరిచూచును. అనుమానముగ మెలగు దానిని నిలుపును. దినదినము క్రొత్త దొంగలు పుట్టుచుండ నిరుటి పట్టిక యెందులకు? 2012లో వచ్చిన విండోసు 8 మొదలుకొని డిఫెండరను రక్షకము విండోసుతోడనే లభించుచున్నది. సాధారణ గృహస్థునకు, అప్‌డేట్లు ఆపకుండునేని, అదియే చాలును. ఇక డబ్బు మిగులునని దొంగప్రతులను దింపుకొనువారి తెలివి నేమందుము! వానిలో పెక్కు, తమ్ము ప్రవేశపెట్టుటకు పూర్వము రక్షకమును ఆపివేయుడని కోరును. కంచె చేను మేయుట కాదిది; దొంగ కోరగా మనమే కంచె తీయుట.

పాఠశాలల స్థితి మరింత శోచనీయము. అచ్చట ఒక్కొక్క యంత్రమును పదిమంది ముట్టుదురు. ఒక బాలుని పెన్‌డ్రైవు ఉదయము పాఠశాలలో, సాయంకాలము జిరాక్సు దుకాణములో, రాత్రి తండ్రిగారి కంప్యూటరులో ప్రవేశించును. బ్యాంకి లెక్కలును, పొలము దస్తావేజుల నకళ్లును ఆ కంప్యూటరులోనే యుండును. 2008లో బయలుదేరిన ‘కాన్‌ఫికరు’ పురుగు వ్యాపించిన దారులలో నిదియు నొకటి. విద్యార్థులకు క్రొత్త ప్రోగ్రాములు చేర్చు అధికారము లేని ఖాతాల నిచ్చుట, పెన్‌డ్రైవును శోధించిన పిమ్మటనే తెరచుట, ముఖ్యమైన ఫైళ్ల నకలును యంత్రమునుండి విడదీసి భద్రపరచుట—ఇవి ఖర్చులేని పనులు.

విండోసు 10నకు 2025 అక్టోబరు 14వ తేదీతో మరమ్మతులు నిలిచిపోయినవి. ప్రత్యేకముగ నమోదు చేసికొన్నవారికి మాత్రమే కొంతకాలము పొడిగింపు. ఇంకను దానితోనే పాఠములు చెప్పు పాఠశాలలు క్రొత్త యంత్రములు కొనలేకున్న లినక్సు వైపు చూడవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చిరకాలముగ ఆ మార్గమున నడచుచున్నవి. కంప్యూటరు గదుల ప్రారంభోత్సవములకు పూలదండలు, ఉపన్యాసములు కొరవడుట లేదు. మరునాటినుండి ఆ యంత్రముల బాగోగులు చూచు ఉపాధ్యాయుడెవరో మాత్రము ఏ రికార్డులోను కానరాదు. దాతలును, తల్లిదండ్రులును రాబోవు పాఠశాల సభలో ఆ పేరును అడిగి వ్రాయింతురుగాక.