దూత అవధ్యుడేనా?

దూతను వధింపరాదని విభీషణుడు రావణునకు హితవు చెప్పెను. ఆ వచ్చిన దూత ఎవరివాడో లంకలో అందరికిని తెలియును. నేటి దూత సంగతి అంత తేలిక కాదు. అతని నివాసము ఆకాశము.

1949 ఏప్రిల్ 4వ తేదీన పన్నెండు దేశములు వాషింగ్టనులో ఉత్తర అట్లాంటిక్ సంధిపై సంతకములు చేసినవి. ఒకరిపై దాడి అందరిపై దాడియే యని ఆ సంధిలోని ఐదవ అధికరణము. మరి అందరును ఒక్కటై కదలవలెనన్నచో మాట సకాలమున అందవలెను గదా! సభ్యదేశముల నడుమ మహాసముద్రమున్నది.

ఇట్టి చిక్కునకు 1945లోనే ఆర్థర్ క్లార్క్ అను ఆంగ్ల రచయిత ఉపాయము సూచించెను. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము భూభ్రమణముతో సమానముగా సాగును గనుక, నేలనుండి చూచువారికి కదలనట్లే యుండును. తరగతిలోని గ్లోబు జానెడు వెడల్పుదైనచో, ఉపగ్రహమును దానికి ఇంచుమించు మూడు జానల దూరమున ఊహించుకొనవలెను. క్రిందినుండి వచ్చిన సంకేతమును బలపరచి అది మరల నేలకు పంపును. ఈ రాకపోకలకు పట్టునది దాదాపు పావు సెకను.

కూటమి తొలి ఉపగ్రహము 1970 మార్చి 20న ఫ్లోరిడా తీరమునుండి నింగికెగసెను. 1993లో పంపినది ఆ వరుసలో కడపటిది. 2005 నుండి బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీల సైనికోపగ్రహములలో కొంత సామర్థ్యమును కూటమి వాడుకొనసాగెను. 2020లో అమెరికాయు ఈ ఏర్పాటులో చేరెను. ఒకప్పుడు సొంతమైన దూత ఇప్పుడు ఎరువు దూత యయ్యెను.

ఆ దూతకు రక్షణ ఏది? అంతరిక్షమున జరుగు దాడియు ఐదవ అధికరణమునకు దారితీయవచ్చునని 2021 జూన్‌లో కూటమి నాయకులు బ్రస్సెల్స్‌లో ప్రకటించిరి. ఏది అట్టి దాడియో సందర్భమునుబట్టి నిర్ణయింతురట.

ఎనిమిది నెలలకే, 2022 ఫిబ్రవరి 24న, రష్యా సేనలు ఉక్రెయినుపై దండెత్తిన నాడు, ఉక్రెయిను వాడుకొనుచున్న ఒక వాణిజ్య ఉపగ్రహ సేవ దెబ్బతినెను. ఉపగ్రహముపై గీత యైనను పడలేదు. నేలమీది మోడెములు వేలకొలదిగా చెడిపోయినవి. ఉక్రెయిను కూటమి సభ్యదేశము కాదు. కాని సభ్యదేశమైన జర్మనీలో సుమారు 5,800 గాలిమరలను దూరమునుండి గమనించు దారి మూసుకొనిపోయెను. ఇది రష్యా పనియేనని ఐరోపా సమాఖ్య ఆ మే నెలలో ప్రకటించెను. ఐదవ అధికరణమును ఎవరును ఆశ్రయింపలేదు.

ఇది దూతపై దాడియా, కాదా? రావణుడును దూతను చంపలేదు, తోకకు నిప్పంటించెను. ఆ నిప్పు అంటించినచోటనే ఆగలేదని మన పిల్లలందరికిని తెలియును.