ముందు శిష్యుడు, తర్వాత ఉస్తాద్

పరాయి దేశంలోని ఏదో పల్లెకు వెళ్ళి, పైసా తీసుకోకుండా పిల్లలకు చదువు చెప్పి రావాలన్న ఉత్సాహం నేటి యువకుల్లో కనబడుతోంది. ఇది మెచ్చదగిన ఖిద్మత్. అయితే ఆ పిల్లల భాష రానివాడు వారికి ఏం నేర్పగలడు?

ఈ ప్రశ్నకు మన శ్రీకాకుళం సీమలోనే జవాబుంది. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. దగ్గరి కొండల్లో సవరలు ఉండేవారు. ఊళ్ళు దగ్గరే గాని, భాష మాత్రం పరాయి దేశపు భాషంత దూరం. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకాలు లేవు. రెండు భాషలూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లో ఉంచుకుని పంతులుగారు సవర నేర్చుకున్నారు. అందులోనే వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి జ్వరం పాలై, క్వినైను వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. అయినా ఆగలేదు; 1931లో సవర భాషా వ్యాకరణం వెలువరించారు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు తెలుగు బడిలో జవాబు తెలిసి కూడా నోరు విప్పలేక తల దించుకోవడం మేము చాలాసార్లు చూశాం. వాడికి తెలివి తక్కువ కాదు, వాడి మాట వినే ఉస్తాద్ లేడు, అంతే.

నాయనలారా, ఏ దేశానికి వెళ్ళినా సరే, ముందు ఆ పిల్లల దగ్గర నాలుగు మాటలు నేర్చుకోండి. చదువు చెప్పడం ఆ తర్వాతి పని.