చెవి ద్వారా పరభాష

పరభాషను నేర్చుకొనదలచిన విద్యార్థికి సాధారణముగా మొదట దొరకునది అచ్చుపుస్తకము. అందులో అక్షరములు, పదములు, వ్యాకరణ సూత్రములు ఉండును. ధ్వని మాత్రము ఉండదు. కావున అతడు ఆ పదములను తన మాతృభాష ధ్వనులతోనే చదువుకొనును. ఏండ్ల తరబడి ఇట్లు చదివినవాడు, ఆ భాష మాట్లాడువారు ఎదురై నాలుగు మాటలు పలుకగానే, తెలిసిన పదములనైనను గుర్తింపలేక తికమకపడును. ఈ లోటును తీర్చుటకు ఏర్పడినవే ధ్వనిముద్రిత పాఠములు. అవి ఎట్లు పనిచేయునో, ఎంతవరకు పనిచేయునో తెలిసికొని వాడినచో ఎక్కువ ఫలితము పొందవచ్చును.

యంత్రము బడికి వచ్చుట

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును నిర్మించెను. ఉపాధ్యాయుని వివరణలను భద్రపరచి, విద్యార్థి కోరినప్పుడెల్ల వినిపించుట ఆ యంత్రపు ఉపయోగములలో ఒకటని 1878లో అతడే వ్రాసెను. 1901లో జాక్ రోస్టన్ లండనులో స్థాపించిన లింగ్వాఫోన్ సంస్థ మొదట మైనపు గొట్టములపై, తరువాత గ్రామఫోను రికార్డులపై భాషాపాఠములను అందించెను. పిమ్మట టేపులు, క్యాసెట్లు, సి.డి.లు వచ్చినవి. నేడు అట్టి పాఠములు సెల్‌ఫోనులో ఇముడుచున్నవి. పరికరము ఎంత మారినను ప్రశ్న ఒకటే: విన్న మాట మనకు వచ్చిన మాట ఎప్పుడగును?

చెవికిని అలవాటు కలదు

చెవిలో పడిన ధ్వనులన్నియు మనకు వేరువేరుగా వినిపించవు. ‘పాత’, ‘పాట’ అను మాటలను తెలుగు పిల్లవాడు ఎన్నడును ఒకటిగా వినడు. కాని ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఈ త, ట ల భేదము తెలియుట కష్టము. హిందీలోని ఇట్టి దంత్య, మూర్ధన్య ధ్వనులతో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను శాస్త్రజ్ఞులు కెనడాలో శిశువులను పరీక్షించి, 1984లో ఫలితములను ప్రకటించిరి. ఇంగ్లీషు మాట్లాడు ఇండ్లలోని 6–8 నెలల శిశువులలో పెక్కుమంది ఆ భేదమును గుర్తించిరి. 10–12 నెలల వారిలో గుర్తించినవారు బహు కొద్దిమంది. అనగా మాతృభాషకు అక్కరలేని భేదములను విడిచిపెట్టుట మొదటి యేటనే అలవడుచున్నది.

మనకును ఇట్టి చిక్కులు కలవు. ప్రామాణిక అరబ్బీలో ‘కల్బ్’ అని మన చెవికి తోచు మాటలు రెండు. మొదటి హల్లును నాలుక మొదలు కొండనాలుకకు తాకునట్లు లోపలినుండి పలికినచో ‘హృదయము’ అని అర్థము. మామూలు ‘క’తో పలికినచో ‘కుక్క’ అని అర్థము. ఇక తెలుగు మాటలు చాలవరకు అచ్చుతో ముగియును. అందుచేతనే ‘బస్’ మనకు ‘బస్సు’, ‘కార్’ మనకు ‘కారు’ అయినవి. తెలుగులో అది ఒప్పే. కాని ఇంగ్లీషు పలుకునప్పుడు సైతము ఆ ఉకారము మనకు తెలియకుండనే వచ్చి చేరుచుండును.

ఈ అలవాటును మార్చవచ్చునా? కొంతవరకు మార్చవచ్చును. జపానువారు ఇంగ్లీషులోని ర, ల ధ్వనులను వేరుగా గుర్తించుటకు కష్టపడుదురు. 1991, 1993 సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములలో వారికి జంట పదములను వినిపించి, ఏది విన్నారో చెప్పించి, తప్పొప్పులను వెంటనే తెలిపిరి. కొద్ది వారములలో వారి గుర్తింపు మెరుగుపడెను. ఒక్కరి కంఠముతోనే అభ్యాసము చేసినవారు క్రొత్త కంఠము ఎదురైనప్పుడు తడబడిరి. పలువురి కంఠములు విన్నవారు తట్టుకొనిరి. ఇట్టి వినికిడి అభ్యాసము వలన ఉచ్చారణ కూడ కొంత చక్కబడునని 1997లో తేలినది. కావున ఒకే గొంతుకతో నడచు పాఠము చాలదు.

మరపును జయించు విధము

విన్న మాట మనస్సున నిలువవలెను. నేర్చినది మొదట వేగముగను, తరువాత నెమ్మదిగను మరపునకు వచ్చునని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో చూపెను. దీనిని ఆధారముగా చేసికొని, అమెరికా భాషాబోధకుడు పాల్ పిమ్స్‌లర్ 1967లో ఒక పునశ్చరణ క్రమమును సూచించెను. క్రొత్త మాటను 5 సెకండ్లకు, 25 సెకండ్లకు, 2 నిమిషములకు, 10 నిమిషములకు, 1 గంటకు, 5 గంటలకు, 1 రోజుకు, 5 రోజులకు, ఇట్లు వ్యవధి పెంచుకొనుచు అడుగవలెను. ఈ అంకెలే శాసనము కావు. మాట పూర్తిగా జారిపోకముందే మరల తలచుకొనవలెను. ప్రతిసారియు ఎడము పెంచవలెను. ముఖ్యమైనది ఇదియే.

ఇచట ‘అడుగవలెను’ అను మాటను గమనింపవలెను. మంచి పాఠములో ప్రశ్న వచ్చిన వెంటనే జవాబు రాదు. నడుమ కొన్ని సెకండ్ల నిశ్శబ్దము ఉండును. ఆ నిశ్శబ్దములో విద్యార్థి జవాబును పైకి చెప్పవలెను. తరువాత సరియైన జవాబు వినిపించును. అతడు సరిచూచుకొనును. రోడిగర్, కార్పిక్ అను శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగములో, ఒక పాఠమును మరల మరల చదివినవారు 5 నిమిషముల తరువాత ఎక్కువ చెప్పగలిగిరి. కాని వారము గడచిన పిమ్మట, చదివినది తలచుకొని వ్రాసినవారే ముందుండిరి. కనుక నోరు మెదపక పాఠమును పాటవలె వినువాడు, పాఠములోని ముఖ్యభాగమును వదలుకొనుచున్నాడు.

యంత్రము చేయలేని పని

నిద్రించుచుండగా వినిపించినను భాష వచ్చునని కొందరు ప్రచారము చేసిరి. ఎమ్మన్స్, సైమన్ అనువారు 1956లో దీనిని పరీక్షించిరి. మెదడులోని విద్యుత్తరంగములను బట్టి నిజముగా నిద్రపోవుచున్నారని నిర్ధారించి వినిపించిన పదములను, మేల్కొనిన తరువాత వారు చెప్పలేకపోయిరి.

మరియొక సంగతి. 2003లో పాట్రీషియా కూల్, ఆమె సహచరులు 9 నెలల అమెరికా శిశువులకు చీనా భాషను 12 పర్యాయములు వినిపించిరి. ఎదుట కూర్చుండి ఆడించుచు మాట్లాడినప్పుడు శిశువులు ఆ భాషాధ్వనులను గ్రహించిరి. అవే మాటలు యంత్రము ద్వారా వచ్చినప్పుడు గ్రహింపలేదు. పెద్దలు యంత్రము వలన నేర్వగలరు. అయినను ఎదుటివాని ముఖము, అతని అవసరము, అతని సవరణ భాషకు ప్రాణము వంటివి. రికార్డు సరియైన ఉచ్చారణను వినిపించునే గాని, మన ఉచ్చారణను వినదు.

తరగతిలో ఉపాధ్యాయులు దినమునకు పది నిమిషములు కేటాయించినను చాలును. విద్యార్థులు పొరబడు జంట పదములను నాలుగింటిని ఎన్నుకొని, ఇద్దరు ముగ్గురు వ్యక్తుల కంఠములలో వినిపింపవలెను. ఏది విన్నారో చెప్పించి, పిదప పలికించవలెను. నిన్నటి మాటలను నేడు, నేటి మాటలను రేపును, వారము తరువాతను అడుగవలెను. విద్యార్థి పలికినదానిని సెల్‌ఫోనులో ముద్రించి, మూలముతో ప్రక్కప్రక్కన వినిపించినచో తన తప్పును తానే పట్టుకొనుట నేర్చుకొనును. అది మొదలు ఆ చెవియే అతనికి గురువగును.