బొద్దు అక్షరములు: వాని నిర్మాణము, ఉపయోగములు

గోడమీది ప్రకటనను దూరమునుండి చదువవలెనన్న అక్షరములు పెద్దవిగాను, లావుగాను ఉండవలెనని ఎవరైనను చెప్పుదురు. ఈ మాటలో సగము మాత్రమే నిజము. పుస్తకములోని అక్షరమును తీసికొని పెంచి, గీతలను లావు చేసినంతమాత్రమున అది దూరమునకు కనబడు అక్షరము కాజాలదు. ఒక్కొక్కప్పుడు లావు పెరిగినకొలది చదువుట మరింత కష్టమగును. ఇందుకు కారణము సిరాలో లేదు. సిరా అంటని తెల్లని చోటులో ఉన్నది.

ఆరోగ్యముగల కన్ను రెండు చుక్కలను వేరువేరుగా గుర్తింపవలెనన్న, వాని నడుమనున్న ఎడము కంటివద్ద సుమారు ఒక నిమిషము కోణమును, అనగా డిగ్రీలో 60వ వంతును, చేయవలెను. 40 సెంటీమీటర్ల దూరమున పట్టుకొన్న పుస్తకములో ఈ ఎడము 0.12 మిల్లీమీటరు. 6 మీటర్ల దూరమున అది 1.75 మి.మీ., 10 మీటర్ల దూరమున 2.9 మి.మీ. అగును. 1862లో హాలండు దేశపు నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ కంటిపరీక్ష పటమును ఈ లెక్కమీదనే తయారుచేసెను. ఆ పటములో 6 మీటర్లనుండి చదువవలసిన అక్షరము ఎత్తు ఐదు నిమిషముల కోణము, అనగా సుమారు 8.7 మి.మీ. అందలి ఇంగ్లీషు 'ఇ' అక్షరములో మూడు అడ్డుగీతలు, వాని నడుమ రెండు ఖాళీలు ఉండును. ఈ అయిదింటి మందమును సమానమే. గీతకు ఎంత చోటో ఖాళీకిని అంతే చోటు!

రోమను అక్షరములలో నిలువుగీతల కొనలు చిన్న పాదములవలె వెడల్పగును. వీనిని సెరిఫ్‌లందురు. రాతిపై చెక్కిన ప్రాచీన రోమను శాసనములలోనే ఇవి కనబడును. 19వ శతాబ్దపు తొలి దశాబ్దములలో లండనులోని టైపు పోతపోయువారు లాటరీ ప్రకటనలకొరకు, నాటకముల ప్రకటనలకొరకు ఈ అక్షరములను విపరీతముగా లావు చేసిరి. నిలువుగీతలు ఎత్తులో మూడవవంతును మించినవి. కాని సన్నని గీతలను, సెరిఫ్‌లను మాత్రము వెండ్రుకవలెనే ఉంచిరి. దగ్గరనుండి చూచువారికి అవి దర్జాగా ఉండెడివి. దూరమునుండి చూచినచో సన్నగీతలు తెలుపులో కలసిపోయి, నల్లని స్తంభములు మాత్రమే మిగిలెడివి. పైగా అంత సన్నని సీసపు అంచులు అచ్చుయంత్రపు ఒత్తిడికి త్వరగా దెబ్బతినెడివి.

ఈ చిక్కును మరియొక మార్గమున విడదీసినవాడు ఆస్వాల్డ్ కూపర్. ఆయన 1879లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జన్మించి, కాన్సాస్‌లో పెరిగి, షికాగోలో అక్షరలేఖనము నేర్చుకొనెను. బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అను పోత సంస్థ 1922లో ఆయన గీసిన 'కూపర్ బ్లాక్' అక్షరములను విడుదల చేసెను. వీనిలో నిలువుగీత ఎంతో లావు, అయినను సన్నగీత మరీ సన్నము కాదు. సెరిఫ్‌లు బొటనవ్రేలి కొనవలె మొద్దుగా, గుండ్రముగా ఉండును. పదునైన మూల యన్నది దాదాపు కనబడదు.

ఇది అందముకొరకు మాత్రమే కాదు. సీసము, తగరము, అంటిమొని కలిపిన లోహముతో పోసిన టైపుకు పదునైన మూలలున్నచో, వాడగా వాడగా అవి అరిగి మొద్దువారును. మొదటినుండియు గుండ్రముగా ఉన్న మూల కొంత అరిగినను తేడా తెలియదు. మరియొక సంగతి కలదు. గుండ్రని అక్షరమును చదరపు అక్షరముతో సరిగా ఒకే ఎత్తున గీసినచో, గుండ్రనిది పొట్టిగా కనబడును. అందుచేత టైపు గీయువారు 'ఓ' అక్షరమును గీతకు పైనను, క్రిందను కొంచెము మీరనిత్తురు. పాదములే గుండ్రముగా ఉన్న కూపర్ అక్షరములలో ఈ హెచ్చుతగ్గు కంటికి అంతగా తట్టదు. కొలబద్ద చెప్పునది వేరు, కన్ను చెప్పునది వేరు. టైపు గీయువాడు కంటి మాటనే వినవలెను.

అయినచో ఈ అక్షరములతో పుస్తకమంతయు అచ్చువేయరాదా? ఒక చిన్న లెక్క చూడవచ్చును. 72 పాయింట్ల టైపు సుమారు ఒక అంగుళము. ఆ పరిమాణములో ఒక అక్షరము లోపలి ఖాళీ 2 మి.మీ. ఉన్నదనుకొనినచో, 9 పాయింట్లకు తగ్గించినపుడు అది ఎనిమిదవవంతై 0.25 మి.మీ. అగును. అచ్చులో సిరా అంచుదాటి ఒక్కొక్క ప్రక్క 0.05 మి.మీ. వ్యాపించునని భావింపుడు. సిరాకు అక్షరము చిన్నదో పెద్దదో తెలియదు. రెంటిలోను అంతే వ్యాపించును. పెద్ద అక్షరములో 2 మి.మీ. ఖాళీ 1.9కి మాత్రమే తగ్గును. చిన్నదానిలో 0.25 కాస్తా 0.15కు దిగి, కంటి హద్దునకు దగ్గరపడును. కాగితము ముతకదైనచో ఆ ఖాళీ పూర్తిగా పూడిపోవును. అందుచేతనే శీర్షికల టైపు వేరు, చదువుల టైపు వేరు.

శీర్షికలు, ప్రకటనలు, దుకాణముల పేరుపలకలు ఈ అక్షరములకు తగిన చోట్లు. ఆ కాలపు ముద్రాపకులు కొందరు వీనిని మోటువని నిరసించిరి. ప్రకటనలవారు మాత్రము విడువలేదు. తరువాత ఫోటో పద్ధతిలో అక్షరములు కూర్చుట వచ్చినపుడు, లోహపు దిమ్మల అడ్డు లేనందున అక్షరములను ఒకదానికొకటి ఆనించి పెట్టుట సులభమైనది. గుండ్రని కూపర్ అక్షరములకు ఆ కూర్పు బాగుగా నప్పినది. 1966లో అమెరికా గాయక బృందము బీచ్ బాయ్స్ వెలువరించిన 'పెట్ సౌండ్స్' రికార్డు అట్టపై ఇవే కలవు. 1995లో బ్రిటనులో ప్రారంభమైన ఈజీజెట్ విమాన సంస్థయు తన పేరును వీనితోనే వ్రాసికొన్నది.

తెలుగు అక్షరములకు సెరిఫ్‌లు లేవు గాని, లోపలి ఖాళీ సమస్య ఇంకను తీవ్రము. 'ధ'కును 'థ'కును, 'ర'కును 'ఠ'కును భేదము లోపలి చిన్న చుక్కయే. గీతను లావు చేసినచో చుక్క గోడకు అంటుకొని, 'కథ' చూడగా 'కధ' అగును. పాఠశాలలో పటము వ్రాయు ఉపాధ్యాయుడు దీనిని లెక్కకట్టవచ్చును. చివరి బల్ల 8 మీటర్ల దూరమున ఉన్నచో ఒక నిమిషపు కోణమునకు 2.3 మి.మీ. వచ్చును. చుక్కకు అంత, దానికి ఇరుప్రక్కల ఖాళీకి అంతంత చొప్పున 'థ' లోపలి వెడల్పు 7 మి.మీ.కు తగ్గరాదు. ఇది మంచి వెలుతురులో, మంచి కన్నులకు. తరగతిలో అందరి చూపు అటువంటిది కాదు గనుక 14 మి.మీ. ఉంచి, ఆ తరువాతనే గీత ఎంత లావుండవలెనో నిర్ణయించుట మేలు.