స్వరలిపియందు సాహిత్యాక్షర సంయోజనము

గేయములను స్వరసహితముగా ముద్రించునపుడు స్వరములు మీఁది పంక్తిని, సాహిత్యము క్రింది పంక్తిని నుంచుట వాడుక. 1904వ సంవత్సరమున నెట్టయాపురమునఁ దెలుఁగు లిపిలో వెలువడిన సుబ్బరామదీక్షితుల 'సంగీతసంప్రదాయప్రదర్శిని'యు నీ మార్గముననే యున్నది. ఈ రెండు పంక్తుల పొందిక చెడినచోఁ బాటయే గాక యర్థమును జెడును.

పాటలో నొక్క యక్షరము పెక్కు స్వరములపై సాగుచుండును. సాగునది యచ్చు గాని హల్లు గాదు. కావున నే స్వరమున నచ్చు పలుకుట మొదలగునో యా స్వరమునకు సరిగాఁ గ్రింద నక్షరమును నిలిపి, తక్కిన స్వరముల క్రింద నా యచ్చునే మరల వ్రాయుట మేలు. ఉదాహరణమునకు 'భక్తి' శబ్దము. వ్రాఁతలో నిది 'భ', 'క్తి' యని విడివడును. తెలుఁగు లిపిలో సంయుక్తాక్షరము పరమైన యచ్చుతోఁ గూడి యొక్కటిగా నుండుటయే యిందులకుఁ గారణము. ఉచ్చారణమున మాత్రము కకారము పూర్వమందలి యకారమునకుఁ జేరును. సంయోగము పరమగునపుడు హ్రస్వము గురువగునని పాణిని విధించుటయు నిందులకుఁ దగియే యున్నది. అయినను భకారము నాలుగు స్వరములపై సాగవలసినచోఁ గకారమును మొదటి స్వరముననే పలికిన నాదము తెగును. 'భ అ అ అ క్తి' యని వ్రాసినచో గాయకుఁడు నాలవ స్వరము తుదివఱకు నచ్చును నిలిపి, పిదపఁ గకారమును దాఁకి, తరువాతి స్వరమునఁ దకారము నెత్తుకొనును.

ఇంక నడ్డగీత. స్వరపంక్తిలో 'స రి గ - మ ప' యని నడుమ నుంచిన గీత సంచారమును విడఁదీయును. సాహిత్యపంక్తిలో నా గీతయే పదము ముగియలేదని తెల్పుటకు వాడఁబడును. ఒక్క గుఱుతు పైని విభాజకము, క్రింద సంయోజకము నగుటచే విద్యార్థి భ్రమపడుట సహజము. ఐరోపా గేయముద్రణమునఁ బదమధ్యమందలి యక్షరముల నడుమఁ జిన్నగీతలను, పదాంతాక్షరము సాగునపుడు పంక్తి యడుగున నిడుపుగీతను నుంచుదురు. పదము ముగిసెనో లేదో చూచినంతనే తెలియును.

ఈ భేదమును బాటింపకున్నఁ గలుగు కీడు సామాన్యము గాదు. 'అమలచరిత' యను సంబోధనమునందలి యకార మాదితాళావర్తము తుదను, 'మలచరిత' యను శేషము మఱుసటి యావర్తమునఁ బడెననుకొనుఁడు. నడుమ గీత లేనిచోఁ బాడువాఁ డచ్చట నూపిరి దీయును. నిర్మలచరిత్రుని స్తుతి మలినచరిత్రుని నిందయై వినఁబడును. 'అ-' యని యావర్తాంతమున గీత యుంచిన నీ దోషము తొలఁగును.

కావున స్వరలిపిని ముద్రింపించువారు ముందుగాఁ బదచ్ఛేదమును నిర్ణయించి, పిదపఁ దాళాంగముల గీతలను గీచి, తుద నక్షరములను స్వరములకు సరిగా నిలుపుట యుచితము. పదము తాళాంగమున విఱిగినచోట నెల్ల సంయోజకగీతను విడువరాదు.