రివర్ దాకా ఆగని పందెం

2003 మే నెల. లాస్ వేగస్‌లోని బినియన్స్ హార్స్‌షూ కేసినో. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి దిగిన 839 మందిలో మిగిలింది ఇద్దరే. ఒకరు పోకర్‌లో ఆరితేరిన శామీ ఫర్హా. రెండోవారు టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, ఒక చిన్న ఆన్‌లైన్ పోటీ గెలిచి అక్కడిదాకా వచ్చిన మనిషి.

మన మూడు ముక్కలాటలో ముక్కలన్నీ ఒకేసారి పంచేస్తారు. టెక్సస్ హోల్డెమ్‌లో అలా కాదు. చేతిలో రెండే ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి ముందు మూడు ముక్కలు తెరుస్తారు, అది ఫ్లాప్. తర్వాత నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఒక్కో విడత ఒక స్ట్రీట్, ప్రతి విడతకూ మళ్లీ పందెం. ఎదుటివాడు తగ్గకపోయినా విడత విడతకూ పందెం కాస్తూ పోవడాన్ని ఆటగాళ్లు బారెల్ అంటారు.

దీని బలమంతా లెక్కలోనే ఉంది. బల్ల మీద పోగైన పందెం మొత్తం, అంటే పాట్‌లో, 100 ఉందనుకోండి. ప్రతి స్ట్రీట్‌లోనూ పాట్‌కు సమానంగా కాస్తే, ఎదుటివాడూ అంతే వేస్తే, 100 కాస్తా 300, తర్వాత 900, చివరికి 2,700 అవుతుంది. మొదటి 100కు ఒప్పుకొనేటప్పుడే, వెనక 1,200 కాచుకుని ఉందన్న భయం ఎదుటివాణ్ని పట్టుకుంటుంది. అయితే పాట్ అంత పందెం కాసే బ్లఫ్ (బలం లేని ముక్కలతో బెదిరింపు) లాభం తేవాలంటే సగం కంటే ఎక్కువసార్లు పారాలి. అందుకే తెలిసినవాళ్లు ఉత్త చేత్తో మొదలుపెట్టరు, మెరుగుపడే దారున్న ముక్కలతోనే మొదలుపెడతారు.

ఆ ఇద్దరి మధ్య జరిగిన ఒక ఆటలో మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆటీను ఏడు. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆటీను తొమ్మిది. ఫ్లాప్‌లో ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు. తొమ్మిదుల జత పడినా ఫర్హా పందెం కాయలేదు, మనీమేకర్ కూడా. టర్న్‌లో ఇస్పేటు ఎనిమిది వచ్చింది. ఫర్హా మూడు లక్షల చిప్స్ కాస్తే మనీమేకర్ ఎనిమిది లక్షలకు పెంచారు.

అది గుడ్డి సాహసం కాదు. తెరవని 44 ముక్కల్లో 17 ఆయన్ని గెలిపించేవే: ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) ఇచ్చే ఎనిమిది ఇస్పేట్లు, సీక్వెన్స్ పూర్తిచేసే ఆరు, రాజులు మూడు. పైగా ఇస్పేటు రాజు తన దగ్గరే ఉంది కాబట్టి ఎదుటివాడికి పెద్ద ఫ్లష్ ఉండే అవకాశం బాగా తక్కువ. ఫర్హా వదల్లేదు.

రివర్‌లో ఆటీను మూడు. దేనికీ పనికిరాని ముక్క. మనీమేకర్ చిప్స్ మొత్తం ముందుకు తోశారు. మూడో ఇస్పేటు పడగానే పందెం పెంచినవాడు ఇప్పుడు సర్వం ఒడ్డుతున్నాడంటే ఫ్లష్ ఉన్నట్టే కదా! రెండు స్ట్రీట్లలోనూ కథ ఎక్కడా తెగలేదు. ఫర్హా చాలాసేపు ఆలోచించి, గెలిచే ముక్కల్ని కింద పడేశారు.

ఆ తర్వాత చివరి ఆటలో ఫర్హాకు జాకీల జత పడింది. ఈసారి ఆయన వెనక్కి తగ్గలేదు, ఉన్నదంతా ఒడ్డారు. మనీమేకర్ దగ్గర అప్పటికే ఐదులు, నాలుగుల రెండు జతలున్నాయి. రివర్‌లో ఇంకో ఐదు పడి మూడు ఐదులు, రెండు నాలుగుల ఫుల్ హౌస్ అయింది. 25 లక్షల డాలర్లు అకౌంటెంట్ చేతికి వచ్చాయి.